ప్రత్యామ్నాయ వైద్యాల విశ్వసనీయత

ప్రత్యామ్నాయ వైద్యం అనగా ఆధునిక వైద్య కళాశాలలలో బోధించే వైద్యానికి వెలుపల ఉండి, జబ్బు నయం చేసుకొనుటకు ప్రజలు ఆశ్రయించే పద్ధతుల సముదాయం. గ్రంథాలు, కళాశాలలు, పట్టాలు కలిగిన ఆయుర్వేదం, యునాని, సిద్ధ, హోమియోపతి, ప్రకృతి వైద్యం మొదలుకొని పల్లెలలోని పసరు మందు, వేరు మందు, మంత్రం, తాయెత్తు వరకు అన్నీ ఈ ఒక్క పేరు కిందికే వస్తున్నాయి. ఇంత భిన్నమైన వాటిని ఒకే మూటగా కట్టి "నమ్మదగినవా, కావా" అని అడిగితే సరియైన జవాబు రాదు. ఏ మందు, ఏ జబ్బుకు, దేనితో పోల్చి చూచినప్పుడు పనిచేసినది అని విడివిడిగా తూచవలసి ఉంటుంది. ఆంధ్రదేశంలో ఇటువంటి తూనిక జరిగిన సందర్భాలు, జరగక తప్పిపోయిన సందర్భాలు రెండూ ఉన్నాయి.

పేరు

"ప్రత్యామ్నాయం" అనే మాటను ఆయుర్వేద వైద్యులు సాధారణంగా అంగీకరించరు. తమ వైద్యం ముందు నుండి ఉన్నదని, తరువాత వచ్చినదే ప్రత్యామ్నాయమని వారి వాదన. చరిత్ర దృష్ట్యా అందులో న్యాయం ఉన్నది. పల్లె వాడుకలో ఈ గొడవ లేదు. ఆసుపత్రిలో ఇచ్చేది ఇంగ్లీషు మందు, ఊరిలో ఇచ్చేది నాటు మందు. కేంద్ర ప్రభుత్వం 1995లో భారతీయ వైద్య పద్ధతులు, హోమియోపతి కొరకు ప్రత్యేక శాఖను ఏర్పరచినది. దానికి 2003లో ఆయుష్ అని పేరు పెట్టారు. 2014 నవంబరులో అది ప్రత్యేక మంత్రిత్వ శాఖ అయినది. పల్లె నాటు వైద్యుడు ఈ శాఖ పరిధిలోనికి రాడు. అయినను అతని మందును కూడా జనం "ఆయుర్వేదం" అనే పిలుస్తారు. ఈ కలగాపులగం వలన ఆయుర్వేదానికి రావలసిన మంచి పేరు కొంత నాటు మందుకు, నాటు మందుకు రావలసిన చెడ్డపేరు కొంత ఆయుర్వేదానికి పోతున్నది.

మంగళగిరి పరిసరాలు

రోగి ముందు ఎన్ని దారులు ఉంటాయో తెలియుటకు గుంటూరు జిల్లాలోని మంగళగిరి మంచి ఉదాహరణ. ఈ పట్టణంలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్)లో 2018లో వైద్యవిద్య, 2019లో బయటి రోగుల సేవలు మొదలైనవి. సంస్థను 2024 ఫిబ్రవరిలో జాతికి అంకితం చేశారు. మండలంలోని చినకాకానిలో మరొక వైద్య కళాశాల ఉన్నది. 1946లో స్థాపించిన గుంటూరు వైద్య కళాశాల ఒకవైపు, విజయవాడలోని డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల మరొకవైపు, రెండూ పాతిక కిలోమీటర్ల లోపే. మరికొంత దూరాన గుడివాడలో 1945 నాటి గురురాజు హోమియో వైద్య కళాశాల ఉన్నది. అయినప్పటికీ చుట్టుపట్ల పత్తి, మిరప చేలలో పనిచేయు కూలీని పాము కరచినప్పుడు, లేదా ఇంటిలో పిల్లవానికి కళ్ళు పచ్చబడినప్పుడు, మొదట వినబడేది తరచుగా పసరు పోయువాని పేరో, మంత్రం వేయువాని పేరో. దీనికి అజ్ఞానమే కారణమనుట తొందరపాటు. ఆ వైద్యుని చేతిలో బాగుపడినవారు ఊరిలో నిజంగానే ఉంటారు. వారు బాగుపడుటకు కారణమేమి అన్నదే అసలు ప్రశ్న.

తగ్గుట, తగ్గించుట

కామెర్లు తరచుగా కలుషితమైన నీటి వలన సోకే హెపటైటిస్-ఎ వైరస్ చేత వస్తాయి. దీనికి ప్రత్యేకమైన మందు లేదు. విశ్రాంతి, తగిన ఆహారం ఉన్నచో ఎక్కువమందిలో కొన్ని వారాలలో దానంతట అదే తగ్గిపోతుంది. ఆ వారాలలో రోగి పసరు తాగినను, ముక్కులో చుక్కలు వేయించుకొన్నను, చేతికి వాత పెట్టించుకొన్నను, చప్పిడి పథ్యం మాత్రమే చేసినను ఫలితం ఒకటే. పసరు తాగినవాడు పసరుకు, వాత పెట్టించుకొన్నవాడు వాతకు కృతజ్ఞుడై ఉంటాడు. పిత్తనాళంలో రాయి అడ్డుపడుట వలన, కాలేయపు గడ్డ వలన, హెపటైటిస్-బి వలన కూడా కళ్ళు పచ్చబడతాయి. బయటికి అన్నీ ఒకే తీరుగా కనబడతాయి. పసరు వైద్యుని కీర్తి మొదటి రకం రోగుల వలన పెరుగుతుంది. నష్టపోయేది రెండవ రకం వారు.

పాముకాటు విషయం కూడా ఇంతే. మన దేశపు పాములలో అధికభాగం విషం లేనివి. జెర్రిపోతు, నీరుకట్టె కరచినందువలన ఎవరూ మరణించరు. విషసర్పం సైతం కొన్ని పర్యాయాలు విషం దింపకుండానే కరుస్తుంది. ఉదాహరణకు, మంత్రగానివద్దకు వచ్చిన నూరుమందిలో ఎనభై మందికి విషం ఎక్కలేదనుకొందాము. మంత్రం వేయకపోయినను ఆ ఎనభై మంది నడిచి ఇంటికి పోయేవారే. మిగిలిన ఇరవై మందిలో మరణించినవారిని "ఆలస్యంగా తెచ్చారు", "ఆయువు తీరినది" అని వదిలివేస్తారు. మంత్రగాని పేరు నూటికి ఎనభై పాళ్ళు నిలుస్తుంది. విషం ఎక్కినవానికి సర్పవిష విరుగుడు సూదిమందు ఒక్కటే ఆధారం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి అది పనిచేస్తుంది. కట్లపాము కాటు నొప్పి తెలియదు, వాపు రాదు. నిద్రలో కరచి తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోవును. మంత్రం వేయించుకొంటూ గడిపిన గంటలు ఇక్కడ ప్రాణాంతకాలు. 2011లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం 2005 సంవత్సరంలో దేశంలో సుమారు 45,900 మంది పాముకాటుకు బలియైనట్లు అంచనా వేసినది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా సుమారు 5,200. ఉత్తరప్రదేశ్ తరువాత ఇదే ఎక్కువ. మరణించినవారిలో ఆసుపత్రిలో మరణించినది నూటికి 23 మంది మాత్రమే. తక్కినవారు ఆసుపత్రి వెలుపలనే పోయినారు.

కుక్కకాటుకు ఇచ్చే ఆకు మందు ప్రఖ్యాతి కూడా ఇట్టిదే. కరచిన కుక్కలలో చాలా వాటికి రేబిస్ ఉండదు కనుక మందు గెలిచినట్లు కనబడుతుంది. రేబిస్ ఉన్న కుక్క కరచి, టీకా వేయించుకొనక, లక్షణాలు బయటపడిన తరువాత ఏ వైద్యమూ దాదాపుగా కాపాడలేదు.

దీర్ఘవ్యాధులది వేరొక తీరు. ఉబ్బసం, కీళ్ళవాతం, పార్శ్వపు నొప్పి వంటివి పెరుగుతూ తరుగుతూ ఉంటాయి. బాధ మిక్కిలి హెచ్చినప్పుడే మనిషి కొత్త వైద్యుని వెతుక్కొని పోతాడు. శిఖరం ఎక్కిన బాధ ఎటూ కొంత దిగవలసినదే. దిగినప్పుడు ఆ కొత్త మందు చేతిలో ఉంటుంది. పైగా రోగి పాత మాత్రలు మానకుండానే కొత్త పొడి మింగుతూ ఉండవచ్చును. ఆ పొడిలో వైద్యుడు చెప్పకుండా స్టీరాయిడ్ కలిపి ఉండుట కూడా మన దేశంలో పలుమార్లు బయటపడినది. అప్పుడు గుణం కనబడుట నిజమే, కాని దాని ఖ్యాతి ఆకులకు చెందదు. కొంతకాలానికి వచ్చే మధుమేహం, ఎముకల బలహీనత మాత్రం రోగికి చెందుతాయి.

ఈ చిక్కులన్నిటికి విరుగుడుగా వైద్యశాస్త్రం కనుగొన్న ఉపాయం చాలా సాధారణమైనది. ఒకే జబ్బు కలవారిని చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మందు, రెండవ జట్టుకు మందువలె కనబడే ఉత్తుత్తి మందు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చినదీ రోగికి గాని, ఫలితం చూచువారికి గాని తెలియకుండా చేసి, చివర రెండు జట్లను లెక్కించుట. దీనిలో ఇంగ్లీషు వైద్య సిద్ధాంతం ఏమీ లేదు. త్రిదోషాలను నమ్మినవాడైనను, నమ్మనివాడైనను ఈ లెక్క వేయవచ్చును.

నేల ఉసిరి కథ

ఆంధ్రదేశంలో కామెర్ల పసరులో వాడే మొక్కలలో నేల ఉసిరి ముఖ్యమైనది. ఈ మొక్కకు పైన చెప్పిన పరీక్ష జరిగినది. మద్రాసు పరిశోధకులు త్యాగరాజన్ బృందం 1988లో లాన్సెట్ పత్రికలో తమ ఫలితాలు ప్రకటించారు. హెపటైటిస్-బి వైరస్‌ను మోయుచున్న 37 మందికి ముప్పది దినాలు నేల ఉసిరి పొడి ఇవ్వగా 22 మందిలో, అనగా నూటికి 59 మందిలో, రక్తం నుండి ఆ వైరస్ గుర్తు మాయమైనది. ఉత్తుత్తి మందు పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికి మాత్రమే అట్లు జరిగినది. హెపటైటిస్-బి వైరస్‌ను గుర్తించి నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ ఈ పరిశోధనలో భాగస్వామి. ప్రపంచమంతటా ఆశ రేగినది. పిమ్మట ఇతర దేశాలలో అదే మొక్క జాతితో చేసిన ప్రయోగాలలో ఆ ఫలితం తిరిగి రాలేదు.

ఈ కథను వెక్కిరింతకు వాడుకొనుట సరికాదు. పల్లె పసరును గౌరవంగా ప్రయోగశాలకు తెచ్చి, సరియైన పద్ధతిలో ప్రశ్న అడిగిన సందర్భం ఇది. మొదటి జవాబు ఆశాజనకం, తరువాతి జవాబులు నిరాశాజనకం. ఒక్క ప్రయోగం ఎంత పేరున్న పత్రికలో వచ్చినను, మరొకచోట మరొకరు చేసినప్పుడు నిలిచిన తరువాతనే దానిని నమ్మవలెనని దీని వలన తెలుస్తున్నది. "విదేశీ పత్రికలో వచ్చినది" అని మందు డబ్బాల మీద వ్రాయువారు చెప్పేది సాధారణంగా మొదటి సగం మాత్రమే.

పరీక్షలో నిలిచినవి

దేశీయ వైద్యం నుండి వచ్చి తూనికలో నెగ్గినవి లేకపోలేదు. సర్పగంధి వేరు రక్తపోటును తగ్గించునని బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో రోగుల లెక్కలతో సహా ప్రకటించాడు. ఆ వేరు నుండి 1952లో రిసర్పిన్‌ను వేరుచేశారు. చైనా ప్రాచీన గ్రంథంలోని ఒక ఆకు కషాయపు ప్రస్తావన నుండి మలేరియాకు ఆర్టెమిసినిన్ అనే మందును సాధించిన తూ యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించినది.

మన ఆయుర్వేదంలోని క్షారసూత్రం ఇంతకంటె ఆసక్తికరమైనది. ఉత్తరేణి క్షారం, ఆకుజెముడు పాలు, పసుపు పూసిన దారాన్ని భగందరపు దారిలో కట్టి, వారం వారం మార్చుతూ పుండును మాన్పుట ఈ చికిత్స. భారత వైద్య పరిశోధనా మండలి పలు కేంద్రాలలో దీనిని శస్త్రచికిత్సతో పోల్చి చూచి 1991లో ఫలితాలు వెల్లడించినది. దారం కట్టినవారికి మానుటకు ఎక్కువ వారాలు పట్టినవి. కాని ఏడాది తరువాత చూడగా జబ్బు తిరగబెట్టినది శస్త్రచికిత్స వారిలో నూటికి 11 మందికి, దారం వారిలో 4 గురికే. నిదానం ఎక్కువ, తిరగబెట్టుట తక్కువ అని రోగికి స్పష్టంగా చెప్పదగిన లెక్క ఇది. గట్ల మీద మొలచే ఉత్తరేణికి ఇటువంటి గౌరవం దక్కినది పరీక్ష వలననే.

మద్రాసు నాటి వివాదం, సుబ్బారావు

గుంటూరు జిల్లా మద్రాసు రాజధానిలో ఉన్న కాలంలోనే ఈ చర్చ గట్టిగా జరిగినది. ప్రభుత్వం తరఫున దేశీయ ఔషధాలను పరిశీలించిన డాక్టర్ కోమన్ నివేదిక ఆయుర్వేదాన్ని తక్కువ చేసినదని వైద్యులు నిరసించారు. 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన సంఘం ఏర్పడి, 1923లో దేశీయ వైద్యానికి అనుకూలంగా నివేదిక ఇచ్చినది. సంఘ కార్యదర్శి జి. శ్రీనివాసమూర్తి ఆధునిక వైద్యం చదివినవాడు. ఆయుర్వేదాన్ని దాని దర్శనాల వెలుగులోనే అర్థం చేసుకొనవలెనని అతని వాదం. ఈ వాదం నేటికీ వినబడుతుంది. వ్యాధి ఎందుకు వచ్చినది అనే వివరణకు ఏ దర్శనమైనను ఉండవచ్చును. మందు పుచ్చుకొన్న జట్టులో ఎందరు లేచి తిరిగినారు అని లెక్కించుటకు దర్శనంతో పనిలేదు.

అదే కాలపు మనిషి భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇద్దరు సోదరులను బలిగొన్న స్ప్రూ అనే గ్రహణివ్యాధి అతనికి కూడా సోకినది. ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదానికి మరలిన ఆచంట లక్ష్మీపతి చికిత్సతో అతను కోలుకున్నట్లు జీవితచరిత్రలు చెబుతున్నవి. తరువాత లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు శరీరశాస్త్రం బోధించాడు. 1923లో అమెరికా చేరాడు. 1945లో అతని నాయకత్వంలోని లెడర్లే ప్రయోగశాల బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. స్ప్రూ చికిత్సలో ఆ ఫోలిక్ ఆమ్లం ప్రధానమైనది.

లక్ష్మీపతి మందులో ఏ పదార్థం పనిచేసినదో ఎవరూ విడదీసి చూడలేదు. కనుక సుబ్బారావు కోలుకొనుట ఆయుర్వేదానికి రుజువు కాజాలదు, ఖండన కూడా కాజాలదు. ఆయుర్వేదం చేతిలో ప్రాణం నిలిచినవాడై కూడా అతను పదార్థం కోసం ప్రయోగశాలకు పోయినాడు.

కృష్ణపట్నం మందు

2021లో నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య అనే నాటు వైద్యుడు పంచిన కరోనా మందు, తెలుగునాట నాటు మందు విశ్వసనీయత బహిరంగంగా తూకానికి వచ్చిన సందర్భాలలో అతి పెద్దది. కరోనా రెండవ విడత ఉధృతంగా ఉన్న ఏప్రిల్ నెలలో పంపిణీ మొదలైనది. ఆసుపత్రులలో పడకలు, ప్రాణవాయువు దొరకని రోజులవి. వేప, మారేడు, నేరేడు, తెల్లజిల్లేడు వంటి వాటితో, దినుసులతో, తేనెతో చేసిన మందును పి, ఎఫ్, ఎల్, కె అను అక్షరాల పేర్లతో ఉచితంగా ఇచ్చేవారు. ఊపిరి అందనివారికి కంటిలో వేసే చుక్కలు వీటికి అదనం. చుక్కలు వేసిన నిమిషాలలో రక్తంలో ప్రాణవాయువు పెరిగినదని చెప్పే వీడియోలు ఊరూరా తిరిగినవి. ఉచితంగా ఇచ్చుట వలన ఆనందయ్య మోసగాడు కాడని జనం నమ్మారు. మోసం చేయుట వేరు, పొరబడుట వేరు అనే సంగతి ఆ వేడిలో ఎవరికీ తట్టలేదు.

మే 21న వేలాదిమంది కృష్ణపట్నం చేరారు. రోగులు, ఆరోగ్యవంతులు ఒకే వరుసలో నిలబడ్డారు. దూరం పాటించుట సాధ్యం కాక అదే దినం పంపిణీ ఆపివేశారు. రాష్ట్ర ఆయుష్ శాఖ మందు తయారీని పరిశీలించి, దీనిని ఆయుర్వేద మందుగా కాక నాటు మందుగానే పరిగణించవలెనని చెప్పినది. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి ఆదేశంతో విజయవాడలోని పరిశోధనా సంస్థ, తిరుపతి ఆయుర్వేద కళాశాల మందు తీసుకొన్నవారి వివరాలు ఫోను ద్వారా సేకరించినవి. మే 31న ప్రభుత్వం నిర్ణయం ప్రకటించినది. పి, ఎల్, ఎఫ్ మందుల పంపిణీకి అనుమతి ఇచ్చారు. పరిశీలనకు చూపనందున కె మందుకు అనుమతి లేదు. కంటి చుక్కల విషయంలో నివేదికలు ఇంకా రావలసి ఉన్నవి. ఈ మందు వలన కరోనా తగ్గునని నిర్ధారణ లేదని, వైద్యులు ఇచ్చిన మందులు మానవద్దని ప్రభుత్వం అదే ప్రకటనలో చెప్పినది. కంటి చుక్కలతో లేచి కూర్చున్నానని వీడియోలో చెప్పిన ఒక రోగి ఆ నెలాఖరులోనే ఆసుపత్రిలో మరణించాడు.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయినవి. మందు హాని చేయునా అనేది ఒకటి. మందు పనిచేయునా అనేది మరొకటి. దినుసులను ప్రయోగశాలలో చూచి మొదటిదానికి కొంతవరకు జవాబు చెప్పవచ్చును. రెండవదానికి పోల్చుటకు రెండవ జట్టు కావలెను. దేశంలో నమోదైన కరోనా రోగులలో నూటికి 98 మందికి పైగా కోలుకున్నారు. కృష్ణపట్నం మందు పుచ్చుకొన్న నూరుమందిలో 98 మంది బాగున్నారని తేలినను అది మందు గొప్పతనాన్ని చెప్పదు. ఇక ఫోను చేసి కనుక్కొనే పద్ధతిలో మరొక లోపం ఉన్నది. ఫోను తీసేది బతికినవారే. ముందు జాగ్రత్తకు మందు తిన్నవారిలో ఎందరికి అసలు కరోనా సోకినదీ దీని ద్వారా తేలదు. "హాని కనబడలేదు" అనే మాట మాత్రం జనంలోకి పోయేసరికి "ప్రభుత్వం ఒప్పుకొన్నది" అయినది.

ఇదే నెలలో ఆధునిక వైద్యంలో జరిగిన ఒక సంగతిని పక్కన పెట్టి చూడవలెను. కోలుకున్నవారి రక్తం నుండి తీసిన ప్లాస్మాను రోగులకు ఎక్కించుట అప్పట్లో పెద్ద ఆసుపత్రులలో సైతం విరివిగా సాగినది. ప్లాస్మా దాత కొరకు బంధువులు రాత్రింబవళ్ళు తిరిగారు. భారత వైద్య పరిశోధనా మండలి 39 ఆసుపత్రులలో 464 మంది మీద జరిపిన పరీక్షలో ప్లాస్మా వలన మరణాలు తగ్గలేదని 2020లోనే తేలినది. 2021 మే 17న చికిత్సా మార్గదర్శకాల నుండి దానిని తొలగించారు. పరీక్ష ఫలితానికి, తొలగింపుకు నడుమ ఏడు నెలలు గడచుట మెచ్చదగినది కాదు. అయినను ఆ చికిత్సకు పరీక్ష జరిగినది, ఓడినది, పోయినది. కృష్ణపట్నం మందుకు గెలుచుటకు గాని, ఓడుటకు గాని అటువంటి అవకాశమే కలుగలేదు. దాని వలన నిజంగా ఏదైనా గుణం ఉండి ఉన్నచో, అందరికంటె నష్టపోయినది ఆనందయ్యే.

హోమియోపతి

కృష్ణా, గుంటూరు జిల్లాలలో హోమియోపతికి ఆదరణ ఎక్కువ. చౌక, చేదు లేదు, హాని లేదు. దీని విషయంలో చిక్కు పలుచన చేయు విధానంలో ఉన్నది. 30సి అనే సాధారణ మోతాదులో మూలపదార్థాన్ని నూటికి ఒక వంతు చొప్పున ముప్పది మార్లు పలుచన చేస్తారు. సుమారు పన్నెండవ మారు దాటిన పిమ్మట మూలపదార్థపు అణువు ఒక్కటైనను మిగులు అవకాశం దాదాపు లేదని రసాయనశాస్త్రం చెబుతున్నది. ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య, వైద్య పరిశోధనా మండలి 2015లో అందుబాటులోని పరిశోధనలను సమీక్షించి, ఏ వ్యాధికీ హోమియోపతి పనిచేయునని నమ్మదగిన ఆధారం లేదని తేల్చినది. హోమియో వైద్యులు దీనిని ఒప్పుకొనలేదు. రోగి చెప్పేదంతా ఓపికగా వినుట వీరి పద్ధతిలోని మేలైన భాగం. మూడు నిమిషాలలో చీటీ వ్రాసి పంపే వైద్యులు దీనిని నేర్చుకొనదగును.

ప్రకృతి సిద్ధం అనగా నిరపాయం కాదు

ఆకు, వేరు కనుక హాని ఉండదనుట పొరపాటు. గన్నేరు, ఉమ్మెత్త, ముష్టి కూడా ప్రకృతి సిద్ధమైనవే. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు అంగళ్ళలో అమ్మే 70 ఆయుర్వేద మందులను పరీక్షించగా 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి కనబడినది. కరోనా కాలంలో రోగనిరోధక శక్తి కొరకు తిప్పతీగ కషాయం ఇంటింటా కాచుకొన్నారు. అటువంటివారిలో ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నదని ముంబై వైద్యులు 2021లో నివేదించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీనితో విభేదించి, వాడిన మొక్క తిప్పతీగయేనని నిర్ధారించలేదని అభ్యంతరం చెప్పినది. ఈ అభ్యంతరంలో ఒక ఒప్పుకోలు కూడా దాగి ఉన్నది. మొక్కను గుర్తించుటలో పొరపాటు జరిగే అవకాశం ఉన్నదంటే, పెరటి కషాయం ఆ మేరకు ప్రమాదమే.

అన్నిటికంటె పెద్ద హాని మందులో ఉండదు, జాప్యంలో ఉంటుంది. పత్తి చేలో పురుగుమందు లోనికి పోయినవానికి చింతపండు రసం, సబ్బునీళ్ళు, పేడనీళ్ళు తాగించి కక్కించుట పల్లెలలో కనబడే నాటు చికిత్స. స్పృహ తప్పుచున్నవానికి అది ఊపిరితిత్తులలోనికి పోవును. ఆర్గనోఫాస్ఫేట్ విషానికి ఆసుపత్రిలో ఇచ్చే అట్రోపిన్ సూదిమందు అందవలసిన సమయం అక్కడే ఖర్చైపోవును. జలుబుకు, కాళ్ళ తీపులకు ఏ కషాయం తాగినను పోయేది లేదు. గంటలు లెక్కించవలసిన జబ్బులలో మాత్రం మొదటి గమ్యం ఏదన్నది ప్రాణానికి సంబంధించినది. తొలిదశలో పట్టుబడిన కేన్సరుకు గంటల బదులు నెలలు.

చట్టం

1940 నాటి ఔషధ చట్టంలో ఆయుర్వేదాదులకు 1964లో ప్రత్యేక అధ్యాయం చేర్చారు. చట్టపు పట్టికలో పేర్కొన్న ప్రామాణిక గ్రంథాలలోని యోగాన్ని ఉన్నది ఉన్నట్లు తయారుచేయుటకు రోగుల మీద పరీక్షలు చేసి చూపవలసిన పనిలేదు. తెలుగునాట ప్రసిద్ధమైన బసవరాజీయం కూడా ఈ గ్రంథాలలో ఒకటి. కనుక సీసా మీది లైసెన్సు సంఖ్య ఆ మందు గ్రంథోక్తంగా, అనుమతి పొందిన చోట తయారైనదని చెబుతుందే గాని, జబ్బు నయం చేయునని చెప్పదు. చాలామంది చదువుకొన్నవారికి కూడా ఈ తేడా తెలియదు.

1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల చట్టం కేన్సరు, మధుమేహం, మూర్ఛ, పక్షవాతం మొదలైన 54 వ్యాధులను నయం చేస్తామనే ప్రకటనలను నిషేధించినది. మంత్రం, కవచం, తాయెత్తు ఈ చట్టం దృష్టిలో మాయా చికిత్సలే. అయితే చట్టం పట్టుకొనేది ప్రకటనను. అరుగు మీద కూర్చుండి అడిగినవారికి ఆకు ముద్ద ఇచ్చేవాడు దీనికి చిక్కడు.

హైదరాబాదులో ప్రతి సంవత్సరం మృగశిర కార్తె నాడు బత్తిన గౌడ సోదరుల కుటుంబం ఉబ్బసానికి ఇచ్చే చేప మందు మరొక దారిలో దీని నుండి తప్పుకొన్నది. చిన్న కొర్రమేను నోటిలో పసుపుపచ్చని ముద్ద పెట్టి, ప్రాణంతో ఉన్న చేపను రోగి చేత మింగించుట దీని విధానం. 1845 ప్రాంతంలో ఒక సాధువు తమ పూర్వీకునికి ఈ రహస్యం చెప్పాడని, డబ్బు తీసుకొనరాదని నియమం పెట్టాడని కుటుంబం చెబుతుంది. మందులో ఏమున్నదో బయటపెట్టవలెనని జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు న్యాయస్థానాలకు ఎక్కిన తరువాత, దీనిని "చేప ప్రసాదం" అని పిలుచుట మొదలైనది. ప్రసాదానికి మోతాదు, గుణం, దోషం చెప్పవలసిన అవసరం లేదు. కరోనా వలన మూడేళ్ళు ఆగిన పంపిణీ 2023 జూన్‌లో నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మరల మొదలైనది. చేపపిల్లలను ఎప్పటివలెనే ప్రభుత్వ మత్స్యశాఖ సమకూర్చినది.